చేతిరుమాళ్ళ సొరుగు

ఇస్త్రీ పెట్టె కాలిందో లేదో చూడటానికి ఆమె వేలు తడి చేసుకుని దాని అడుగున తాకించింది. చుయ్ మంది. బల్ల మీద ఉతికి ఆరేసిన చేతిరుమాళ్ళు చిన్న దొంతరగా ఉన్నాయి. అన్నిటికంటే కింద ఉన్నది పాతది. అంచుల్లో దారాలు లేచిపోయాయి. ఒక మూల ఆకుపచ్చ దారంతో చిన్న ఆకు కుట్టి ఉంది. దాన్ని పోయిన నెల ఇస్త్రీ చేసింది, అంతకు ముందు నెల కూడా చేసింది. ఇవాళ మళ్ళీ పరిచింది.

ఆమె భర్త బస్సు నడిపి నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. గుమ్మం దగ్గర కూర్చుని టీ చప్పరిస్తూ చూస్తున్నాడు.

"ఆ రుమాలు అరిగిపోయేలా ఉంది. ఇంతకీ ఆయన వస్తాడా?"

"వస్తారు."

"రాకపోతే?"

ఆమె పెట్టెను ఆకు మీదుగా నెమ్మదిగా నడిపింది. ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. రేపటినుంచి ఏ రుమాలు ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఆ కచేరీ హాల్లో ఉండదు. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, ఈ ఆకు రుమాలు మాత్రం తన చేత్తో ఇచ్చి వెళ్ళాలని ఆమె పట్టుదల.

ఆమె పని పియానో కచేరీలు జరిగే హాల్లో మనుషులకు కుర్చీలు చూపించడం. టార్చి వెలుగు ఎవరి కళ్ళల్లోనూ పడకుండా వేళ్ళ మధ్యనుంచి నేల మీదికి వదలడం ఆమెకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. దీపాలు ఆరాక ఆమె పక్కగోడకు ఆనుకుని, వేదికకు వీపు పెట్టి నిలబడాలి. జనంవైపే చూడాలి, అదీ నియమం. ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే తెలియాలి కదా. అందుకని ఇన్నేళ్ళూ ఆమె పియానో విన్నదే గాని వాయించేవాళ్ళ చేతులు చూసిన పాపాన పోలేదు. ఆమె చూసింది మొహాలు.

మొహాల్లో ఎన్ని రకాలున్నాయో ఆమెను అడగాలి. కన్నీళ్ళు వస్తుంటే పైకప్పు వైపు చూసేవాళ్ళు కొందరు. కళ్ళజోడు తీసి, మరకేమీ లేకపోయినా, తుడిచిందే తుడిచేవాళ్ళు కొందరు. దగ్గుతో కప్పిపుచ్చుకునే పెద్దమనుషులు. హుషారుగా పరుగులెత్తే భాగంలో వెక్కి వెక్కి ఏడ్చే ఒక బడిపంతులు, నెమ్మది భాగం రాగానే హాయిగా నవ్వుకునే ఆయన భార్య. ఒకే కాపురంలో ఇలాంటివాళ్ళు ఎలా ఇమిడారో అని ఆమెకు నవ్వొచ్చేది.

కచేరీ అయ్యాక కుర్చీలు వెతికితే గొడుగులు, చేతిసంచులు, రుమాళ్ళు దొరికేవి. ఏడవనివాళ్ళు రుమాలు జేబులో పెట్టుకునే పోతారు. మరిచిపోయేది ఏడ్చినవాళ్ళే. ముక్కు తుడుచుకున్న గుడ్డను ఒళ్ళో పెట్టుకుని అలాగే మరిచి లేచిపోతారేమిటి మనుషులు, అని ఆమెకు మొదట్లో వింతగా ఉండేది. తడి గుడ్డల్ని సొరుగులో పడేస్తే ముక్కిపోతాయని ఇంటికి తీసుకెళ్ళి ఉతకడం మొదలుపెట్టింది. అప్పటినుంచి అందరికీ ఆమె రుమాళ్ళక్క.

ఆమెకు మాత్రం రుమాలుతో పని పడలేదు. తల్లి పోయినప్పుడు కూడా ఆమె కంట చుక్క రాలేదు. నలుగురిలో నిలబడి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించింది. "రాతిగుండె తల్లీ దీనిది," అంది మేనత్త. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. వెలితి తనలో ఉందనే అనుకుంది. రాత్రిపూట కచేరీకి వచ్చినవాళ్ళ కన్నీళ్ళు ఉతుకుతూ, వీళ్ళకు వినిపించేది నాకెందుకు వినిపించదు అనుకునేది. "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన! మనమిద్దరం ఆ జాతివాళ్ళమే," అనేవాడు భర్త, ఆమెను నవ్వించడానికి.

ఆకు రుమాలు చివరి కుర్చీ పెద్దాయనది. వరసలో చివరి కుర్చీ ఆయనది, పక్క కుర్చీ ఆయన భార్యది. ఆవిడ పోయాక కూడా రెండు టిక్కెట్లూ కొనేవాడు, పక్కది ఖాళీగానే ఉంచేవాడు. ప్రతి నెలా రుమాలు మరిచిపోయేవాడు. మరుసటి నెల ఆమె ఇస్తే రెండు చేతులతో తీసుకుని, "మీకు శ్రమ ఇస్తున్నాను," అనేవాడు. "ఫర్వాలేదండీ," అనేది ఆమె. ఇన్నేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన సంభాషణ అదొక్కటే. మళ్ళీ ఆ సాయంత్రమే రుమాలు కుర్చీలో ఉండేది. "మతిమరుపా, మన హాలు చాకిరేవనుకున్నాడా?" అనేవాడు తలుపు దగ్గరుండే సహోద్యోగి. మీసాలు నెరిసినా అతను అందరికీ తలుపు తమ్ముడే.

కొన్ని నెలలుగా పెద్దాయన రావడం లేదు.

సాయంత్రం ఆమె హాలుకు వెళ్ళేసరికి తలుపు తమ్ముడు ఎదురొచ్చి ఆమె చేతిలో టార్చి లాక్కున్నాడు. ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. పని మానేసేవాళ్ళను ఆఖరి రోజు కుర్చీలో కూర్చోబెడతారు, తోటివాళ్ళు టార్చి పట్టి దారి చూపిస్తారు.

"రా అక్కా. రాణీగారికి ముందు వరస," అన్నాడు. "ఇవాళైనా ఏడుస్తావా, లేదా? మేమంతా పందెం కాశాం."

"నువ్వు ఏ పక్క?"

"ఏడవవనే. నష్టపోయే పని నేను చెయ్యను."

ఆమె నవ్వేసి, ఆకు రుమాలును గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. దీపాలు ఆరాయి. జీవితంలో మొదటిసారి పియానో వాయించే చేతులు చూసింది. సన్నగా, తెల్లగా, పక్కింటి పిల్ల చేతుల్లా మామూలుగా ఉన్నాయి. చిక్కుళ్ళు వలిచినంత చురుగ్గా కదులుతున్నాయి. చూడటానికి బాగానే ఉంది. అంతకుమించి ఏమీ లేదు. మొహాలు కనబడకపోయేసరికి ఆమెకు పాట సగమే వినిపిస్తున్నట్టుంది. ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. పక్కనున్నాయన కోపంగా చూశాడు. అయినా తిరిగే ఉంది.

చివరి కుర్చీలో ఎవరో ఉన్నారు. ఆమె రుమాలుతో సగం లేచింది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక తెలిసింది, అది ఆయన కాదు, నడివయసు స్త్రీ. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

విరామం రాగానే ఆమె గబగబా అక్కడికి వెళ్ళింది. 

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది ఒక పెద్దాయన కూర్చునే చోటు. ఆయన వస్తే..."

ఆ స్త్రీ ఆమె చేతిలోని రుమాలు వైపు చూసి లేచి నిలబడింది.

"రుమాళ్ళావిడ మీరేనా? నేను ఆయన కూతుర్ని. మీకోసమే వచ్చాను." పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. "నాన్న పోయారండీ. కొన్ని నెలలు మంచం పట్టారు. పోయిన నెల, నిద్రలోనే."

ఆమె రుమాలు ముందుకు చాపింది. కూతురు తీసుకోలేదు. ఆకు కుట్టిన మూల వేలితో తడిమింది.

"ఇది అమ్మది. అమ్మ పోయాక నాన్న దీన్ని ఉతక్కుండా దాచుకున్నారు. అమ్మ అత్తరు వాసన ఉండేదని. ఒకరోజు ఇక్కడ మరిచిపోయారు."

"నేను ఉతికేశాను," అంది ఆమె. సబ్బు ఎక్కువ వేసి, మరకేదో పోలేదని రెండోసారి కూడా ఉతికిన సంగతి ఆమెకు గుర్తుంది. "అయ్యో తల్లీ. నేనే ఉతికేశాను."

"అవునండీ. వారం రోజులు నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు."

"ఒక్క మాటైనా అనలేదు నన్ను!"

"అనరు. తర్వాత ఒకరోజు నాకు తెచ్చి చూపించారు. 'చూడమ్మా, ముక్కూ మొహం తెలియనివాడి కన్నీళ్ళు ఎవరో తల్లి ఉతికి, మీ అమ్మ మడత పెట్టినట్టే మడత పెట్టింది,' అన్నారు. ఇక అక్కడినుంచి ప్రతి నెలా ఇక్కడ మరిచిపోయి వచ్చేవారు. నాన్న వస్తువులు మరిచిపోయే మనిషి కాదండీ. ఇంట్లో సూది కూడా చెప్పిన చోటే ఉండేది."

గంట మోగింది. జనం కుర్చీల్లోకి వస్తున్నారు. ముందు వరసకు వెళ్ళబోతున్న ఆమె చెయ్యి పట్టుకుని కూతురు ఆపింది.

"రెండు టిక్కెట్లూ కొన్నాను, నాన్నలాగే. అమ్మ కుర్చీలో కూర్చోండి."

నెమ్మది భాగం మొదలైంది. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు విన్నదే, ఎందరి మొహాలమీదో చూసిందే. ఇవాళ ఆమె ఎవరి మొహమూ చూడలేదు. ఆ చేతులూ చూడలేదు. ఒక్కొక్క స్వరమూ ఆగి ఆగి వస్తోంది. ఎవరో ఇంట్లో పడుకున్నవాళ్ళకు మెలకువ రాకుండా గిన్నెలు సర్దుతున్నట్టుంది. తల్లి అలాగే సర్దేది. అది గుర్తొచ్చి చాలా ఏళ్ళయింది. తను ఉతికి పోగొట్టింది ఒక వాసనను. ఆ పెద్దాయన కోపం తెచ్చుకోకుండా, మళ్ళీ ఉతికించుకోవడానికి నెల నెలా వచ్చాడు. రాతిగుండె దగ్గరికి ఎవరైనా అలా వస్తారా? పైకప్పు వైపు చూసింది. లాభం లేకపోయింది. తుడుచుకోవడానికి ఆమె దగ్గర ఆ రుమాలు తప్ప ఇంకేమీ లేదు.

చప్పట్లు సద్దుమణిగాక ఆమె జనంతో కలిసి ముందు తలుపులోంచే బయటికి నడిచింది. తలుపు తమ్ముడు పందెం మాట ఎత్తబోయి, ఆమె మొహం చూసి తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకున్నాడు. "వెళ్ళొస్తా తమ్ముడూ," అంది. "వెళ్ళిరా అక్కా," అన్నాడు. బయట వీధిదీపం కింద భర్త నిలబడి ఉన్నాడు. ఇద్దరూ మెల్లగా నడుచుకుంటూ వీధి మలుపు తిరిగారు.

హాలు ఖాళీ అయ్యాక తలుపు తమ్ముడు ఆమె టార్చి తీసుకుని వరసల మధ్య వెతుక్కుంటూ వచ్చాడు. ఒక గొడుగు, ఒక పిల్లల చేతితొడుగు దొరికాయి. చివరినుంచి రెండో కుర్చీలో ఆకు కుట్టిన రుమాలు ఉంది. మరిచిపోయిందే అనుకుంటూ చేతిలోకి తీసుకున్నాడు.

అది తడిగా ఉంది.