బిందె పాట

ట్యాంకర్ వచ్చిన రోజు మా ఇంటికి పద్దెనిమిది బిందెలు. చంపాపేటలో మేముండేది మూడో అంతస్తు. తొమ్మిది నేను మోస్తాను, తొమ్మిది చిన్నమ్మ. ఆ వేళకు చిన్నాయన బాల్కనీలో నిలబడి పైనుంచి చెబుతాడు. "ఒలకబోయకుండ్రి, మెట్లు జారుతయి."

ఇంటర్ చదవడానికి నల్లగొండ పక్క ఊరి నుంచి చిన్నాయన అంతయ్య ఇంటికి వచ్చి ఏడాదైంది. ఆయన దయ ఉంటేనే నాకు కాలేజీ. ఆ మాట తానెప్పుడూ అనడు, చిన్నమ్మ ముత్తమ్మ చేత అనిపిస్తాడు. నలుగురిలో నా గొంతు పెగలదు. అందుకే డైరీ రాసుకుంటాను. ఒక ట్యాంకర్ రోజు, ఆఖరి బిందె దించగానే రెండు వరుసలు రాశాను.

మోసేదొకరు, తాగేదొకరు
బిందెనడిగితే చెప్పదా?

చిన్నాయన గురించే రాశాను. పేరు పెట్టే ధైర్యం లేదు. పేరు లేకపోయినా చదివితే ఎక్కడో గుచ్చుకుంటుందని, మరుసటిసారి ఒక్క బిందెనైనా అందుకుంటాడని ఆశ. డైరీని ఆయన కంటపడేలా టీవీ పక్కన వదిలేశాను.

చదివాడు. "వారెవ్వా! కృష్ణ నీళ్లు మనకు దక్కుతలేవని ఎంత మంచిగ రాసినవే బిడ్డా!" అని నా తల నిమిరాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరంలో పాటల బృందం ఆయనదే. "గని జర మెత్తగున్నది. గిట్ల చాటుమాటుగ పాడితే ఎవనికి అర్థమైతది? చెంప మీద కొట్టినట్టుండాలె." నా వరుసల కింద, పదవులు వదలని నాయకుల మీద తానే రెండు చేర్చాడు.

రాజీనామ ఇయ్యనోడా గాజులేసుకో
చీర గట్టి ఇంట్ల మూలకు కూసో

"ఆదివారం వంటావార్పుల మైకు కాడ నువ్వే అందుకోవాలె" అన్నాడు.

వంటావార్పు అంటే రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తినే నిరసన. ఆదివారం పొద్దున మేము గిన్నెలు మోసుకుని దిగుతుంటే ఇల్లుగలామె, గుంటూరు కుసుమకుమారి ఆంటీ, గేటు దగ్గర అడిగింది. "వంట మీ బాబాయే చేస్తాడా అమ్మాయ్? ఇంట్లో గరిటె పట్టగా ఎప్పుడూ చూడలేదే!" చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయనా అంతేలే. ఆయనకి ఉద్యమం కూడా లేదు" అంది ఆంటీ.

చౌరస్తాలో పొయ్యిలు రాజేసింది ఆడవాళ్లం. మగవాళ్లు టెంటు నీడన కూర్చున్నారు. పేపర్ల వాళ్లు కెమెరాలతో రాగానే చిన్నాయన పరుగున వచ్చి, "జరుగు జర" అంటూ చిన్నమ్మ చేతిలోని గరిటె తీసుకున్నాడు. నాలుగు ఫోటోలు. తర్వాత గరిటె మళ్లీ చిన్నమ్మకే వచ్చింది.

బృందం పాట ఎత్తుకుంది. బిందె వరుసకు జనం తలలూపారు, చిన్నాయన అందరికంటే ఎక్కువగా. గాజుల వరుసకు ఈలలు వేశారు. ఆ వరుసనే మళ్లీ నేను అందుకోవాల్సిన చోట చిన్నమ్మ కనిపించింది. అప్పుడే గంజి వంచింది. చేతులకు మోచేతుల దాకా మసి. పాట వినబడగానే ఆ చేతులు అలవాటుగా చప్పట్లు కొట్టాయి. తనను తిట్టే వరుసకు తన గాజులే తాళం వేస్తున్నాయి. నాకు నోరు రాలేదు. చివరికి చిన్నాయనే నాకేసి గుర్రుగా చూస్తూ పాడాడు.

అన్నం వడ్డిస్తున్నంతసేపూ అదే ఆలోచన. ఆయన సూటి మాట ఏ నాయకుడికీ తగల్లేదు, పొయ్యి దగ్గరున్న చిన్నమ్మకు తగిలింది. నా చాటు మాట మీద కాలేసి తొక్కినా ఆయనకు తెలియలేదు, పైగా దాన్ని రాగం తీసి పాడుకున్నాడు. మెత్తగా రాశాననుకుని ఇన్నాళ్లూ మురిశాను. భయపడి రాశాను, అంతే.

సాయంత్రం మసి గిన్నెలతో మూడంతస్తులూ ఎక్కింది మేమిద్దరమే. చిన్నాయన మంచం మీద కూలబడ్డాడు.

"నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్. నోరు పడిపోయిందా? రేపు మళ్ల పాడాలె. పాడవా, బట్టలు సదురుకో, ఊరికి తోల్తా. ఏం జూస్తున్నవ్? నీళ్లు తే."

'పాడతానని చెప్పు' అన్నట్టు చిన్నమ్మ కళ్లతోనే బతిమాలింది. గ్లాసు ముంచి తెచ్చి ఇచ్చాను. అది ఆయన పెదవులకు తగలగానే చెప్పాను.

"చిన్నాయనా, బిందె పాట కృష్ణ మీద రాయలే. నీ మీద రాసిన."