చిన్నకన్ను వల

శౌరమ్మ ఇంట్లో చేపల కూర వండితే తల ఎవరి కంచంలో పడుతుందన్నది చిన్న విషయమేమీ కాదు. చాలా ఏళ్ళు అది పెద్దల్లుడు లాజరు కంచంలోనే పడింది. కృష్ణలో పట్టిన బొచ్చె చేపను ఇబ్రహీంపట్నం రేవు నుంచి భుజాన వేసుకుని నేరుగా అత్తగారింటికి తెచ్చేవాడు. "చేప తెచ్చినోళ్ళకే తల" అంటూ ఆవిడ గరిటెతో మెల్లగా, చిదక్కుండా తీసి పెట్టేది. తర్వాత చిన్నకూతురు డయానాకి యేసుకుమార్‌తో పెళ్ళయింది. అతనూ పడవ మనిషే. ఇక అక్కడి నుంచి చేప తెచ్చేది యేసుకుమార్, తల తినేది యేసుకుమార్. లాజరుకు తోక దగ్గరి ముక్క, దాన్నిండా ముళ్ళు.

తోడల్లుడంటే లాజరుకు పడదు. పడదన్నది మర్యాదకు అంటున్న మాట. యేసుకుమార్ పడవకు మోటారుంది, లాజరుది తెడ్డు. యేసుకుమార్ దగ్గర ఐసుపెట్టె ఉంది. గొల్లపూడి అపార్టుమెంట్లలో ఆడవాళ్ళు వాట్సాప్‌లో అతన్ని చేప అడుగుతారట, ఫొటో కూడా పెట్టమంటారట. ఆదివారం చర్చి పూజలో బైబిలు పఠనం చదివేదీ అతనే. పోనీ పొగరుబోతా అంటే అదీ కాదు. ఎదురైతే చాలు, "అన్నయ్యా, టీ తాగుదాం రా" అంటాడు. ఒక్కసారి ఎదురు తిరిగి నోరు జారినా లాజరు హాయిగా తిట్టిపోసేవాడు. ఆ అవకాశం కూడా ఇవ్వడే! లాజరు కడుపుమంట సగం అందుకే.

ఎలాగైనా వాడికంటే ఎక్కువ పట్టాలన్న పంతంతో కిందటేడు లాజరు బెజవాడ వెళ్ళి చిన్నకన్ను వల కొనుక్కొచ్చాడు. వలలో ఒక్కో గడిని రేవులో కన్ను అంటారు. ఈ వల కంట్లో బొటనవేలు కూడా దూరదు. పెళ్ళాం ఆదెమ్మ గొణుక్కుంటూనే దానికి తాడు కట్టింది, తేలడానికి బెండ్లు కట్టింది. ఏ వల కట్టినా ఓ మూల ఎర్రనూలు ముడేయడం ఆవిడ అలవాటు. ఇసుకలో పది వలలు ఆరేసినా మనది మనకు తెలియాలిగా మరి.

తీరా వేస్తే అందులో పడ్డవన్నీ పరిగలు, వేలెడంత చేపపిల్లలు. బుట్ట నిండేది గానీ, అందులో కంచంలో పెట్టుకునే తల ఒక్కటీ ఉండేది కాదు. మూడోనాడే విసుగొచ్చి లాజరు వలను అటక మీద పడేశాడు.

ఈ వేసవిలో కొత్త నిబంధనలొచ్చాయి. ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్ ఉషశ్రీ రేవుకొచ్చి అందరినీ కూర్చోబెట్టింది. చిన్నపిల్ల, మాట మాత్రం కరుకు. కాగితం యేసుకుమార్ చేతికిచ్చి, "మీరు చదవండి, అందరికీ అర్థమవుతుంది" అంది. అతను గొంతు సవరించుకుని, పూజలో చదివినట్టే చదివాడు. ఇకపై లైసెన్సు కార్డు లేకుండా ఏటిలో వల వేయకూడదు. చేప గుడ్లు పెట్టే వానల రోజుల్లో వేట బంద్. చిన్నకన్ను వల ఏట్లో దొరికినా, ఇంట్లో దొరికినా ఇదివరకులా ఏదో జరిమానా కట్టి నవ్వుకుంటూ వెళ్ళిపోవడం కుదరదు. వల తగలబెట్టి, ఏడాదిపాటు కార్డు లాగేసుకుంటారు. రెండోసారి దొరికితే పడవే పోతుంది.

"ఏడాది ఏట్లోకి దిగకపోతే ఏం తింటాం తల్లీ?" అన్నాడు ముసలి బసవపున్నయ్య.

"చేపపిల్లల్ని ఊడ్చేస్తే మీ మనవలేం తింటారు తాతా?" అంది ఉషశ్రీ.

తర్వాత కార్డులు పంచారు. అక్షరాల వరుసలో పిలిచారు. యేసుకుమార్ పేరు లాజరు కంటే ముందొచ్చింది. 'య' తర్వాతే 'ల' అని చిన్నప్పుడు పలక మీద లాజరు కూడా దిద్దాడు. కానీ ఆ రోజు అక్షరాలు కూడా కుమ్మక్కయ్యాయనిపించింది. యేసుకుమార్ తన కార్డు జేబులో పెట్టుకుని, లాజరు కార్డు కూడా అందుకుని తెచ్చి, "ఇదిగో అన్నయ్యా" అంటూ రెండు చేతులతో ఇచ్చాడు. లాజరుకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం ఆదెమ్మ పోరు మొదలుపెట్టింది. "ఆ అటక మీద దరిద్రాన్ని తగలెయ్యయ్యా."

"అటక మీదుంటే ఎవరికేంటంట? నీళ్ళలో ఉంటేగా తప్పు."

"ఇంట్లో దొరికినా తప్పేనని చదివాడుగా మరిది!"

"మరిది చదివాడు! ఆడు చదివితే అది సువార్త అయిపోద్దా?"

మొగుడు వినడని ఆదెమ్మకి తెలుసు.

నాలుగు రోజుల తర్వాత, తెల్లవారుతుండగా లాజరు రేవుకెళ్ళాడు. కరెంటు కేంద్రం పొగగొట్టాల వెనక ఆకాశం ఇంకా ఎరుపెక్కలేదు. యేసుకుమార్ పడవ ఒడ్డున ఉంది, మనిషి టీకొట్టు దగ్గరున్నాడు. పడవలో కప్పిన టార్పాలిన్ పట్టా కింద నుంచి వల అంచు కొంచెం బయటికి కనిపించింది. లాజరు వంగి, బొటనవేలు పెట్టి చూశాడు. దూరలేదు.

గుండె ఎగిరి గంతేసింది. ఓరి దొంగ! ఐసుపెట్టె, వాట్సాప్, పఠనాలు... లోపల చేసేది ఇదా! ఇన్నాళ్ళూ అత్తగారింట్లో ఆ బొచ్చె తలలన్నీ దీని పుణ్యమేనా? చిన్నకన్ను వలలో బొచ్చె పడదని లాజరుకు బాగా తెలుసు. తెలిసినా ఆ క్షణంలో గుర్తురాలేదు. తన అటక మీదా ఒకటుందన్న సంగతి మాత్రం గుర్తొచ్చింది. తనది పైన ఉంది, వాడిది పడవలో ఉంది, రెంటికీ చాలా తేడా ఉందని సర్దిచెప్పుకున్నాడు.

గబగబా ఇంటి పెరట్లోకి వచ్చి, కార్డు వెనకున్న నెంబరుకు ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"ఇబ్రహీంపట్నం రేవు నుంచండీ. ఇక్కడ ఒకడి కన్ను చిన్నదండీ."

"కంటి సమస్యలకు ఆసుపత్రికి చేయాలండి. ఇది ఫిషరీస్."

"ఆ కన్ను కాదమ్మా, వల కన్ను! బాగా చిన్నది. బొటనవేలు కూడా దూరదు!"

అమ్మాయికి అప్పుడర్థమై పేరడిగింది. యేసుకుమార్ అని చెప్పి లాజరు వెనక్కి తిరిగేసరికి నీళ్ళబిందెతో ఆదెమ్మ నిలబడి ఉంది.

"ఎవరికయ్యా ఫోను? కన్ను, బొటనవేలు అంటున్నావు?"

"కంటాసుపత్రికి," అన్నాడు లాజరు తడుముకోకుండా. "ఈమధ్య చూపు మసగ్గా ఉంటంది. కన్ను చిన్నదైపోయినట్టుంది."

"అయ్యో, చెప్పవేం మరి?" అంటూ ఆదెమ్మ అతని కళ్ళలోకి తేరిపార చూసింది. లాజరు చూపు తిప్పేసుకున్నాడు.

పొద్దెక్కేసరికి ఉషశ్రీ జీపు రేవులోకి దిగింది. రేవంతా పోగయింది. చేపల బుట్ట ముందు కూర్చున్న శౌరమ్మ కూడా లేచొచ్చింది. లాజరు అందరికంటే వెనక, బాగా కనిపించే మెట్టు చూసుకుని నిలబడ్డాడు. యేసుకుమార్ తలొంచుకునే రోజు చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. పండగ పూటలా ఉంది అతనికి.

ఉషశ్రీ వెంట వచ్చిన మనిషొకడు పట్టా తీసి, వలను ఒడ్డు మీదికి లాగాడు. కుప్ప విప్పగానే ఓ మూల ఎర్రనూలు ముడి బయటపడింది.

అది ఆదెమ్మ వేసే ముడి! లాజరు పక్కకి చూస్తే ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అప్పుడర్థమైంది. అటక ఖాళీ! మొగుడు వినడని, చడీచప్పుడు లేకుండా దాన్ని మరిదికి అంటగట్టింది.

"ఎవరిదీ వల?" అంది ఉషశ్రీ.

యేసుకుమార్ ఆ ముడిని చూశాడు. ఆదెమ్మ ఏదో అనబోతే వద్దన్నట్టు తలూపాడు. "నా పడవలో ఉంది గదండీ, నాదే అనుకోండి" అన్నాడు నెమ్మదిగా.

"అనుకోవడమేంటి? కార్డు ఇవ్వండి. ఏడాది పోతుంది, తెలుసుగా?"

అతను జేబులో చెయ్యి పెట్టాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "ఆడికి ఈ వలతో పనేంటి? ఎవరిదో నెత్తినేసుకుంటన్నాడు" అంది ఎవరో. "మా చిన్నబాబు దేవుడమ్మా" అంటూ శౌరమ్మ ముక్కు చీదింది. బసవపున్నయ్య తలపాగా తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

లాజరు నోరు మూసుకుని ఊరుకుంటే కార్డు దక్కేది, పడవ దక్కేది. ఏడాదిపాటు యేసుకుమార్ ఒడ్డున కూర్చునేవాడు, చేప తెచ్చేది తనొక్కడే అయ్యేవాడు, తల కూడా తనకే. కోరుకున్నదంతా ఎదురుగా ఉంది. కానీ ఆ ముక్కు చీదడం ఉందే, అది భరించలేకపోయాడు. తప్పు తనది, దేవుడు వాడా? రేపు పూజలో ఫాదర్ వాడి పేరెత్తి ప్రసంగం చెబుతాడు. శిక్షలో కూడా వాడే ముందా?

"ఆ వల నాదండీ!" అని అరిచాడు. అందరూ వెనక్కి తిరిగారు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "నాది! కొంది నేను, వేసింది నేను. ఆ ఎర్రనూలు నా ఇంటిదాని ముడి. ఈడికేం తెలుసు? ఈడికి ఇలాంటి వల కొనే తెగువుందా?"

"మరి ఆయన పడవలో ఎందుకుంది?"

"నేనే ఇచ్చానమ్మా," అంది ఆదెమ్మ. "ఈయన తగలెయ్యడు. ఏటి మధ్య లంకలో కోళ్ళదొడ్డికి చుట్టుకోమని మరిదికిచ్చా. పొద్దున్నే పడవలో తీసుకెళ్ళబోతన్నాడు."

ఉషశ్రీ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. యేసుకుమార్‌ను గట్టిగా మందలించి వదిలేసి, లాజరు కార్డు తీసుకుంది. రాసుకుంటూ, "కొత్త రూల్స్ కింద ఈ రేవులో మొదటి పేరు మీదేనండీ" అంది.

"మొదటిదేనా?" అన్నాడు లాజరు. "యేసుకుమార్ పేరు పైన లేదుగా?"

ఆ పిల్లకి ఏమీ అర్థంకాకపోయినా, లేదని చెప్పింది. లాజరు గడ్డం పైకెత్తుకుని ఇంటికి నడిచాడు. ఏడాదంటే ఎంతో గుర్తొచ్చింది మాత్రం గుమ్మంలో అడుగుపెట్టాకనే.

ఆదివారం పూజయ్యాక అందరూ శౌరమ్మ ఇంట్లో భోజనాలకు కూర్చున్నారు. "ఈ ఏడాది నా పడవెక్కు అన్నయ్యా, తోడు నువ్వుంటే నాకు ధైర్యం. మేడంని అడిగా, ఒప్పుకుంది" అన్నాడు యేసుకుమార్. పెద్ద బొచ్చె, తెచ్చింది వాడే. తల ఎటు పోతుందో తెలుసు కాబట్టి లాజరు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

వడ్డిస్తున్నది ఆదెమ్మ. గరిటెతో తలను మెల్లగా, చిదక్కుండా తీసి లాజరు కంచంలో పెట్టింది.

"పెద్దబాబుకా?" అంది శౌరమ్మ.

"చూపు మసగ్గా ఉందంటమ్మా," అంది ఆదెమ్మ అందరికీ వినబడేలా. "చేప కన్ను తింటే మంచిదంటారుగా. కంటాసుపత్రికి కూడా ఫోన్ చేశాడు, నేను విన్నా."

"అయ్యో, చెప్పవేం అన్నయ్యా? రేపు నేను తీసుకెళ్తా," అన్నాడు యేసుకుమార్, ముద్ద ఆపి, నిజంగానే కంగారుపడుతూ.

ఆదెమ్మ వంగి పులుసు పోస్తూ, ఒక్క లాజరుకే వినబడేలా అంది: "కన్ను చిన్నదన్నావుగా ఫోన్లో. బొటనవేలు కూడా దూరదన్నావు. తిను."

కంచంలోంచి బొచ్చె తెల్లటి కన్ను లాజరుకేసి చూస్తోంది. ఇన్నేళ్ళు కోరుకున్న తల అది. అతని చెయ్యి కదల్లేదు.

"తిను అన్నయ్యా, చల్లారిపోద్ది" అన్నాడు యేసుకుమార్.