మింగిన మాటల రంగు

లాయరుగారి ఆఫీసులో పది కొట్టగానే చుక్కమ్మ కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒప్పందాల్లో ఎక్కడ చుక్క తప్పిపోయినా పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పాత కాగితాన్ని ఎడమవైపు, కొత్తదాన్ని కుడివైపు తెరిచి బొత్తాం నొక్కితే, తీసేసిన మాటలు ఎరుపులో, చేర్చినవి నీలంలో కనిపిస్తాయి. రాయాలనుకుని మింగేసినవి ఆకుపచ్చలో వస్తాయి.

ఆకుపచ్చ గురించి మొదట్లో కంపెనీకి ఫోన్ చేశారు. "అది అందరికీ వస్తుందండీ, ప్రింటు తీసేముందు ఆ గడిలో టిక్కు తీసేయండి" అన్నారు. అప్పట్నుంచి తీసేస్తున్నారు. తీసేముందు చుక్కమ్మ చదువుతుంది. చదవదని నమ్మేవాళ్లు లాయరుగారి వాదనలు కూడా నమ్ముతారు. ముప్పై ఏళ్ల పొత్తు తెంచుకున్న దర్జీలిద్దరిలో ఒకడి కాగితంలో, ఏడో షరతు కింద, "రేపట్నుంచి టీ ఎవరితో తాగుతావురా" అని వచ్చింది. ఇల్లు అమ్ముతున్న టీచరమ్మ కాగితంలో, తూర్పు గోడ కొలత పక్కన, "మావాడు నడక నేర్చింది దీన్ని పట్టుకునే" అని వచ్చింది.

ఒకరోజు చుక్కమ్మ ముందుకు ఆమె సొంత విడాకుల ఒప్పందం వచ్చింది.

ఆమె మొగుడు పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. వేలకొద్దీ పుస్తకాలు కుట్టినవాడు ఇంట్లో మాత్రం "ఊ", "సరే" అనే రెండు ముక్కలతో పదకొండేళ్లు కాపురం లాగించాడు. నేను పోతున్నానని ఆమె పెట్టె సర్దుకున్నప్పుడు కూడా "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వేరే గది తీసుకుంది. చూడలేదని ఆమె అంటుంది. బస్సు స్టాపు గది ఎదురుగానే ఉన్నా, రోజూ బైండింగ్ షాపు వీధి చుట్టి వెళ్తుందని ఆ వీధంతా అంటుంది. నడక కాళ్లకు మంచిదట.

ఒప్పందం ఆమే టైపు చేసి అతని లాయరుకి పంపింది. అట్నుంచి తిరిగొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి సంతకాలు. అతను అరగంట ముందే వచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. పోల్చి చూడకుండా ఏ కాగితమూ సంతకానికి వెళ్లకూడదన్నది ఆ ఆఫీసు నియమం. అతను ఒక్క మాట మింగి ఉన్నా చాలు, తను సంతకం పెట్టేది లేదని చుక్కమ్మ పొద్దున్నే తనలో తాను అనుకుంది.

బొత్తాం నొక్కింది. ఎరుపు లేదు, నీలం లేదు. పద్నాలుగు పేజీలూ కిందికి జరిపింది, మళ్లీ పైకి జరిపింది. ఆకుపచ్చ అక్షరం ఒక్కటీ లేదు.

లాయరుగారు గదిలోంచి వచ్చారు. కోర్టులో ఆయన నోరు తెరిస్తే వాయిదా అడగడానికే అని జడ్జీలకు కూడా తెలుసు.

"ఏమ్మా, అయిందా?"

"అయిందండీ. ఏం తేడా లేదు."

"మరి కళ్లజోడు ఎందుకు తుడుస్తున్నావు?"

"దుమ్ము."

"అద్దాలకా, కళ్లకా?"

"ఆయన మింగడానికి కూడా ఏమీ లేదండీ. ఆ దర్జీకైనా టీ గుర్తొచ్చింది."

లాయరుగారు వంగి తెర వంక చూశారు. మౌసు ముట్టుకుంటే కరుస్తుందేమోనని చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"మరి నీదేదమ్మా?"

"నాదేంటండీ?"

"ఎడమవైపు కాగితం నువ్వు టైపు చేసిందేగా. అందులోనూ పచ్చ లేదు. నువ్వూ ఏమీ మింగలేదా?"

చుక్కమ్మ చేతిలో కళ్లజోడు ఆగిపోయింది. ఐదో షరతు దగ్గర, "ఇకపై ఒకరి నుంచి ఒకరు ఏమీ కోరరు" అని కొడుతూ కొడుతూ, ఆమె లేచి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగి వచ్చింది. నీళ్లతో గానీ దిగలేదు ఆ మాట.

"మింగానండీ."

"మరి రాలేదేం?"

ఆమె ఐదో షరతు దాకా పేజీలు జరిపింది.

"రెండువైపులా ఒకేలా ఉన్నదాన్ని ఇది చూపించదు కదండీ" అంది మెల్లగా. ఆరేళ్లుగా ఈ పని చేస్తున్న ఆమెకు తెలిసిన సంగతే.

"అయితే అతని కాగితాన్ని ఖాళీ కాగితంతో పోల్చు. ఏం మింగాడో అదే బయటపడుతుంది."

ఆమె మౌసు మీద చెయ్యి వేసింది. తీసేసింది.

"అక్కర్లేదండీ. నాది నాకు తెలుసు."

బయట బల్ల మీద అతను గోళ్లలోని జిగురు గీక్కుంటున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంటే కాస్త జరిగాడు. కాగితాలు ఏవని చేతుల వంక చూశాడు. లేవు.

"ఐదో షరతు దగ్గర నువ్వేదో అనుకున్నావు" అంది.

అతను రెండో చేతి గోళ్లు కూడా శుభ్రం చేశాడు.

"నువ్వు కూడానా?"

"ముందు నువ్వు చెప్పు."

"నువ్వే చెప్పు."

మూడు దాటింది. లోపల్నుంచి ఎవరూ పిలవలేదు. కాసేపటికి ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు. ఒకటే మాట వచ్చింది. అది "సరే" మాత్రం కాదు.