కిరీటి ఎత్తిన చీటీ

శనివారం ఉదయం హారతి ఇస్తుండగా బెల్ మోగింది. వీర్రాజు, వెంట మరో ఇద్దరు. బూట్లు బయటే విప్పి, "గోవిందా" అంటూ వచ్చి హారతి కళ్లకద్దుకున్నారు. పులిహోర ప్రసాదం అడిగి పెట్టించుకున్నారు. స్వామి ముందు చెయ్యి చాచినవాణ్ణి అనుమానించడం మా ఇంట్లో లేదు. "కిరీటి ఉన్నాడా అంకుల్?" అనగానే బేస్‌మెంట్ తలుపు నేనే తీశాను.

కిరీటి కెనడాలోని మా విండ్సర్‌లో మాస్టర్స్ చదువుతూ మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాడు. ఇక్కడి పిల్లలకు చదువుకు గవర్నమెంటు లోన్ వస్తుంది. స్టడీ పర్మిట్ మీద ఇండియా నుంచి వచ్చినవాడికి రాదు, ఫీజు మాత్రం ఎన్నో రెట్లు. అందుకే వీర్రాజు నడిపే చీటీలో చేరి, అందరికంటే ముందే పాట పాడి, ఆ డబ్బుతో సెమిస్టర్ ఫీజు కట్టాడు. తర్వాత నెలనెలా కట్టాల్సింది కట్టలేకపోయాడు.

కింద ఏదో విరిగిన చప్పుడైంది. పరుగెత్తాను.

కిరీటి ముఖాన్ని వాషింగ్ మెషీన్‌కేసి అదిమి పట్టారు. తెల్లటి రేకు మీద రక్తం. వీర్రాజు చేతిలో మంచు ఎత్తే పార.

"మా ల్యాబ్‌లో ఇక్కడి కుర్రాడు కానర్‌కీ అప్పుంది. వాణ్ణెవరూ కొట్టరే!" అన్నాడు కిరీటి.

"వాడికి గవర్నమెంటోళ్లు లెటర్ రాస్తార్రా. నీకు గవర్నమెంటు నేనే," అని నవ్వి, పార అంచుతో మోకాలి కింద కొట్టాడు. కిరీటి కేక పెట్టాడు. అడ్డం వెళితే గోడకు తోశారు. నుదురు చిట్లింది. ఫోన్ తీశాను.

"చెయ్యండంకుల్. వీడు పర్మిట్‌లో ఇచ్చిన గంటలకు మించి ఎన్ని గంటలు క్యాష్ జాబ్ చేశాడో కూడా అడుగుతారు. ఎగిరిపోద్ది పర్మిట్," అన్నాడు వీర్రాజు.

"వద్దంకుల్, మీ కాళ్లు పట్టుకుంటా. ఇండియాకి పంపించేస్తారు," అన్నాడు కిరీటి.

పార ఈసారి తల మీదికి లేచింది. పోలీసులకి 911 నొక్కాను. వాళ్లు పారిపోయారు.

పోలీసు వచ్చి అడిగితే, "మెట్ల మీద జారిపడ్డాను," అన్నాడు కిరీటి ఇంగ్లీషులో. ఎముక చర్మాన్ని చీల్చుకుని కనిపిస్తోంది.

పోలీసు నావైపు తిరిగాడు. ఒకే ల్యాబ్‌లో చదివే ఇద్దరిలో ఒకడి అప్పు ఉత్తరమై, ఇంకొకడి అప్పు పారై ఎందుకొస్తుందో నాకు తెలియదు. స్వామీ, నీకైనా తెలుసా?

"కాదు, కొట్టారు," అని వీర్రాజు పేరు చెప్పాను.

కిరీటి కళ్లు మూసుకున్నాడు.

"మీరు చంపేశారంకుల్."

స్ట్రెచర్ పట్టుకుని నేనూ అంబులెన్స్ దాకా నడిచాను. నా చెయ్యి మీద అతని చెయ్యి తగిలితే వెనక్కి లాక్కున్నాడు.