తినిపిస్తే తింటుంది

కొత్త చొక్కా ఇంటికి రాగానే సూదక్క చేసే మొదటి పని, మెడ వెనకాల కుట్టిన కంపెనీ గుడ్డముక్కని తీసెయ్యడం. కత్తెరతో కత్తిరిస్తే చాలదు. మొదలు మిగిలిపోయి ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. పిన్నుతో ఒక్కో కుట్టూ లేపి, దారం లాగి, ఆ చోటుని వేలితో రుద్ది, తన మెడకి ఆనించుకుని మరీ చూసుకోవాలి. అప్పుడుగానీ ఆ చొక్కా కూతురు గువ్వ ఒంటిమీద నిలవదు. గువ్వకి ఇప్పుడు పందొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో తీసిన ముక్కలన్నీ దాచి కలిపి కుట్టి ఉంటే ఈపాటికి ఇంటిల్లిపాదికీ తలో దుప్పటీ అయ్యేది.

ఈ పనిలో కూర్చుంటే చాలు, ఆమెకి గువ్వ తొమ్మిదో ఏడు గుర్తొస్తుంది. అందులో ఒక నెల. ఏడిపించిన నెలే, కాదనడానికి లేదు. కానీ ఏడిపించినవి కూడా దూరం నుంచి చూస్తే ముద్దొస్తాయి కాబోలు. ఆ ఇరుకు వంటింటినీ, కాలు కుదురులేని ఆ భోజనాల బల్లనీ, అప్పటికింకా బతికున్న అత్తగారినీ తలుచుకుంటే ఆమెకి ప్రాణం ఎటో పోతుంది.

సూదక్క అన్నది ల్యాబులో పిల్లలు పెట్టిన పేరు. పెళ్ళికి ముందు మూడేళ్ళు, తర్వాత నాలుగేళ్ళు ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసింది. పొద్దున్నే ఆరున్నరకి తలుపు తీసి, ఎర్ర మూతల గొట్టాలు ఒక వరసా, ఊదా మూతలవి ఒక వరసా పేర్చుకుని కూర్చుంటే, గుక్కపట్టి వచ్చిన పిల్లలు ఆమె దగ్గరకొచ్చేసరికి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవాళ్ళు. "ఇంకా గుచ్చవా అక్కా?" అనడిగితే "ఎప్పుడో అయిపోయింది, నువ్వే చూసుకోలేదు" అనేది. స్పిరిటు వాసన, ఫ్లాస్కులో టీ, పది దాటాక అందరూ కలిసి చెప్పుకునే కబుర్లు. నెలాఖరున ఆమె పేరు మీద వచ్చే కవరు.

గువ్వకి మూడేళ్ళు నిండినప్పుడు డాక్టరు ఆటిజం అన్నాడు. ఉద్యోగం మానమని ఆమెతో ఎవరూ అనలేదు, అదే తమాషా. "నీ ఇష్టం, నేను బలవంతపెట్టను" అన్నాడు భర్త. ఆయన లారీలు నడిపే కంపెనీలో ఏ బండి ఎటు వెళ్ళాలో రాసే గుమస్తా. "కాకపోతే నా జీతం నీ జీతానికి రెట్టింపు. మరి ఎవరో ఒకళ్ళు ఉండాలి కదా" అన్నాడు. అత్తగారైతే "తల్లి తర్వాతే ఎవరైనా" అని ఊరుకుంది. ఆ మాటకి ఎదురేముంది? పొగడ్తలాగే ఉంటుంది, పొద్దున్నుంచి రాత్రిదాకా కాళ్ళకి అడ్డం పడుతుంది. సూదక్క ల్యాబు తాళంచెవి తిరిగిచ్చేసింది. ఆ రోజు నుంచి ఆమెని సూదక్కా అని పిలిచినవాళ్ళు లేరు. ఇంటికి ఎవరైనా వచ్చి "మీ ఆవిడేం చేస్తుంది?" అనడిగితే ఆయన మామూలుగా, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే, "ఇంట్లో ఊరికే ఉంటుంది" అనేవాడు.

అలా ఊరికే ఉండగానే గువ్వకి ఎనిమిదిన్నరేళ్ళు వచ్చాయి, మాటల టీచరు దగ్గర మొదటి మాటా వచ్చింది. అందరి పిల్లలూ అమ్మా, నాన్నా అంటారు. గువ్వ అన్నది "వద్దు". టీచరు గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి చెప్పింది. బెంచీ మీద కూర్చున్న సూదక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికెళ్ళి చెబితే ఆయన "పోనీలే, పనికొచ్చే మాటే నేర్చుకుంది" అని పిల్ల తల నిమిరాడు. మంచివాడే.

ఆ మాట వచ్చిన ఆరు నెలలకే కంపెనీలో జీతాలు కోశారు. వారానికి మూడు క్లాసులు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. ఇక ఆ ఒకటీ కష్టమే అన్నప్పుడు, బెంచీ మీద పక్కన కూర్చునే పొడుగుజడ తల్లి మందుల చీటీ వెనకాల ఒక ఆఫీసు అడ్రసు రాసిచ్చింది. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళకి నెలనెలా సాయం ఇస్తారట, ఏడాదికోసారి కాగితం నింపాలట. "ఇదివరకే ఎందుకు చెప్పలేదు?" అంటే, "నాకు మాత్రం ఎవరు చెప్పారు? నా అంతట నేను కనుక్కునేసరికి మూడేళ్ళు పట్టింది" అంది ఆవిడ. ఆ ఆఫీసు కింద కాదు పైన, పైన కాదు పక్క బిల్డింగులో, అక్కడ ఆ రోజు సెలవు. చెప్పులరిగేలా తిరిగి ఎనిమిది పేజీల కాగితం తెచ్చి, నింపి, ఇచ్చి వచ్చింది.

జవాబు వచ్చిన రోజున కూడా ఆమె గువ్వ గౌనుకి గుడ్డముక్క తీస్తూనే ఉంది. "మీరు తెలియజేసిన వివరాలను బట్టి మీ అమ్మాయి భోజనము, స్నానము, దుస్తులు ధరించుట వగైరా పనులు స్వయముగా చేసుకొనుచున్నందున, ఆర్థిక సహాయము మంజూరు చేయుటకు వీలుపడదు. అభ్యంతరములున్నచో ముప్పది దినములలోగా..." రెండుసార్లు చదివింది. ఒక చేతిలో పిన్ను, ఒక చేతిలో ఉత్తరం.

"చెప్పానా? మనకెందుకీ దేబిరింపు" అన్నాడు ఆయన సాయంత్రం. "అడుక్కుని లేదనిపించుకోవడం దేనికి? ఉన్నదాంట్లో చూసుకుందాం." ఉన్నదాంట్లో చూసుకోవడమంటే క్లాసు మానిపించడం. అప్పటికే టీచరు చెప్పేసింది, "నెలాఖరుదాకా గువ్వ చోటు ఎవరికీ ఇవ్వనమ్మా, ఆ తర్వాత వరసలో ఇంకో పాప ఉంది" అని. చేతికందిన ఒక్క మాట. దాని వెనక ఇంకెన్ని ఉన్నాయో. ఇప్పుడు తలుపు మూసేస్తే అవి లోపలే ఉండిపోతాయని సూదక్క భయం.

మర్నాడే ఉత్తరం పట్టుకుని మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళింది. పాత దరఖాస్తు తీయించి చూసిన ఉద్యోగిని కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుంటూ ఉండే మనిషి. మాట కటువు, చూపు మాత్రం కాదు.

"ఇక్కడ, పాప తనంతట తాను తింటుందా అనే చోట, తింటుంది అని రాశారు."

"తింటుందండీ."

"ఎలా తింటుంది?"

"నీలం గిన్నెలో పెట్టాలి. కూర అన్నాన్ని తాకకూడదు. నేను ఎడమపక్క కూర్చుని చెంచా నింపి చేతికిస్తే, ఒక్కోసారి నోట్లో పెడితే..."

"అంటే తినిపిస్తే తింటుంది."

"అంతే కదండీ. తినిపిస్తే తింటుంది."

"మీరు రాసింది తింటుంది అని. తినిపిస్తే అన్న మాట ఏమైంది?"

ఆవిడ వేలితో ఒక్కో వరసా చూపించుకుంటూ పోయింది. స్నానం: చేస్తుంది. బట్టలు: వేసుకుంటుంది. నిద్ర: పోతుంది. "చేయిస్తే చేస్తుందా? తొడిగితే వేసుకుంటుందా? నిద్రపుచ్చితే పోతుందా?" ప్రతిదానికీ సూదక్క తలూపింది. తలూపే కొద్దీ మెడ వంగిపోయింది.

"ఎక్కువ చేసి రాస్తే అబద్ధమవుతుందేమో అనుకున్నానండీ."

"ఇదే అబద్ధమమ్మా. సగం రాశారు. పాప చేసే సగం ఉంది, మీరు చేసే సగం లేదు." కొత్త కాగితం ముందుకి తోసింది. "వచ్చే తల్లులంతా ఇలాగే రాస్తారు. మళ్ళీ నింపండి. ఉత్తరం మీకు ఆలస్యంగా అందింది, ముప్పై రోజుల గడువుకి సోమవారం ఆఖరు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని సూదక్క ఆలోచించింది, ఆ మాటని తన నోట్లోంచి ఎవరు తీసేశారా అని. చుట్టాలొచ్చినప్పుడల్లా అత్తగారు "మా మనవరాలు అన్నీ తనే చేసుకుంటుంది" అనేది. పిల్లని తక్కువ చేసి మాట్లాడకే, లోకానికి అలుసైపోతాం అని పుట్టింట్లో అమ్మ నూరిపోసింది. పార్కులో, మెట్ల మీద, పెళ్ళిళ్ళలో జాలిగా చూసే ప్రతివాళ్ళకీ ఆమె కూడా అదే అప్పజెప్పింది. తింటుంది, పడుకుంటుంది, చక్కగా ఉంటుంది. చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది. పిల్ల పరువు కాపాడబోయి పిల్ల పక్కనున్న మనిషిని కాగితంలోంచే కొట్టేసింది. తనే, తన చేత్తోనే. ఆయన ఊరికే ఉంటుంది అన్నందుకు ఇన్నాళ్ళూ లోలోపల ఉడికిపోయిందే, మరి తను రాసిందేమిటి? ఎనిమిది పేజీల నిండా అదే కదా.

శుక్రవారం మధ్యాహ్నం, గువ్వ బొత్తాలు వరసగా పేర్చుకుంటుంటే, బల్ల ముందు కూర్చుని మొదలుపెట్టింది. మొదట చెయ్యి రాలేదు. తర్వాత ఆగలేదు. పళ్ళు తోమించడం, అద్దం ముందు కాదు, అద్దం చూస్తే బెదురుతుంది. కుడిచెయ్యి తర్వాతే ఎడమచెయ్యి తొడిగించడం. మిక్సీ వేసేముందు చెవులు మూయించడం. రాస్తుంటే మనసు ఎక్కడెక్కడికో పోయింది. గువ్వ మొదటిసారి నీలం గిన్నెని తనే ఎంచుకున్న రోజు. రెండేళ్ళపాటు ఒకే మెట్టు దగ్గర ఆగిపోయి, ఓ పొద్దున్న ఏమీ ఎరగనట్టు దిగేసిన రోజు. జ్వరంలో మొదటిసారి తనంతట తాను వచ్చి తల్లి మోచేతికి చెంప ఆనించిన రోజు. అవన్నీ పనులనుకుని రాయబోతే ఆమె బతుకంతా అందులోనే కనబడింది. గడులు చాలక వెనకవైపూ రాసింది.

అత్తగారు వెనకనుంచి తొంగిచూసి చదువుతూ ఉండిపోయింది. "ఇలా రాస్తే పిల్లకి ఏమీ చేతకాదనుకుంటారే అమ్మాయ్" అంది.

"అనుకోనివ్వండి అత్తయ్యా."

పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నలుగుర్ని పెంచాను. ఒక్కళ్ళూ నాకిలాంటి కాగితం ఇచ్చి ఏం చేస్తున్నావమ్మా అని అడగలేదు" అంది. తర్వాత ఉన్నట్టుండి, "జడ వేయించుకోడానికి ఎంతసేపు సతాయిస్తుందో రాశావా? రాయి. గంట" అంది.

"ముప్పావుగంట అత్తయ్యా."

"మొహమాటపడకు. తలంటిన రోజు గంటే."

ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తాకోడళ్ళు అంత హాయిగా నవ్వుకున్నది ఆ ఇంట్లో అదే మొదలు.

ఆఖరి పేజీలో ఒక్కటే ప్రశ్న. "మీరు లేని రోజున ఈ పనులు ఎవరు చేస్తారు?" కింద చిన్న అక్షరాల్లో, ఇంట్లోని మరొక పెద్దవారు స్వయంగా నింపి సంతకం చేయాలి అని ఉంది. సాయంత్రం ఆయన టీ తాగుతుండగా ఆ పేజీ ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. ఆయన చదివి, ఇదొక ప్రశ్నా అన్నట్టు "నేనే" అని రాసేశాడు. పిల్ల మీద ప్రేమతోనే రాశాడు, సందేహం లేదు.

"ఇవాళ పళ్ళు మీరు తోమించండి మరి" అంది సూదక్క.

"తోమిస్తాను. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

గువ్వని తీసుకెళ్ళి అద్దం ముందు నిలబెట్టాడు. రెండో నిమిషంలో బ్రష్షు గోడకి తగిలింది. పిల్ల మూలకి చేరి చెవులు మూసుకుని ఊగుతూ కూర్చుంది. "గువ్వా, నా తల్లీ, రా" అని ఆయన బతిమాలుతున్నాడు. చొక్కా నిండా తెల్లటి నురగ. సూదక్క కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. అత్తగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఉండు. వాడికి తెలియనీ" అంది.

పావుగంట తర్వాత ఆయన వచ్చి కూర్చున్నాడు. తల ఎత్తలేదు. "అద్దం ముందు కాదా?" అన్నాడు.

"కాదు."

"ఎప్పట్నుంచి?"

"నాలుగో ఏటి నుంచి."

ఆయన కాగితం ముందుకి లాక్కుని, 'నేనే' అన్నదాని మీద గీత కొట్టి, పక్కన 'ఎవరూ లేరు' అని రాసి సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టడానికి కూడా చాలాసేపు పట్టింది. సూదక్కకి గెలిచినట్టు లేదు. ఆ రెండు మాటలు చూస్తే ఏడుపొచ్చింది. ఆరేళ్ళుగా తెలిసిన సంగతే, ఇంకొకరి చేతిరాతలో చూడటం మాత్రం అదే మొదటిసారి.

సాయం వచ్చిందా అంటారా, వచ్చింది. మాటల టీచరు రెండు వారాలు ఎక్కువే ఆగింది, గువ్వ చోటు గువ్వకే ఉంది. కానీ సూదక్క తలుచుకునేది అది కాదు. ఆ సాయంత్రం, గువ్వకి తనే పళ్ళు తోమించి వచ్చి, కాగితాలు మడిచి కవర్లో పెడుతూ ఆయనతో అన్న మాట.

"దీన్ని ఏటేటా నింపాలట. వచ్చే ఏడు ఆ గడిలో ఎవరూ లేరు అని ఉండకూడదు. రేపు శనివారం, పొద్దున్నే నేను బయటికి వెళ్తున్నాను. పిల్లని మీరు లేపండి."

ఆయన కంగారుగా చూశాడు. "ఎక్కడికి?"

"ఎక్కడికని ఇంకా అనుకోలేదు" అంది సూదక్క. "నేను లేని రోజంటూ ముందు ఒకటి ఉండాలి కదా."