ఒకటో రోజు

డాక్టరమ్మ కన్నడంలో చెబుతుంది, నేను దాన్ని తెలుగులో చెబుతాను. రాయచూరులో స్కానింగు గది బయట బల్ల వేసుకుని పదకొండేళ్లుగా చేస్తున్న పని ఇది. నా పేరు రామాబాయి. నా నోటికి జడిసి లైను తప్పేవాళ్లు తక్కువ. చెప్పిందే మళ్లీ చెప్పమంటే నాకు ఒళ్లు మండుతుంది.

చంద్రబండ నుంచి సవిత వచ్చింది. ముప్పై ఏడేళ్లు, పెళ్లయి పద్నాలుగేళ్లు, పిల్లల్లేరు. నెలసరి మొదలైన రెండో రోజు నుంచి ఐదు రోజులు వేసుకోమని డాక్టరమ్మ గోలీలు రాసింది. పదకొండో రోజు స్కానింగుకు రమ్మంది. గోలీ వేసుకుంటే మెదడు కింది గ్రంథి ఇంకాస్త హార్మోను పంపుతుంది, దాంతో అండం ఉన్న నీటి బుడగ పెరుగుతుంది. పెరిగిన బుడగ నుంచి ఈస్ట్రోజెన్ బాగా ఎక్కువైతే, ఆ గ్రంథే ఇంకో హార్మోనును ఒక్కసారిగా వదులుతుంది. ఒకటిన్నర రోజులో బుడగ పగిలి అండం బయటపడుతుంది. అది బతికేది ఒక్క రోజే. అంతా తారీకుల మీద నడిచే వ్యవహారం. ఆ రోజు లైను పెద్దదిగా ఉంది, రెండు ముక్కల్లో తేల్చేశాను. ఒకటో రోజు ఎప్పుడో ఫోన్ చేసి చెప్పు, మిగతా తారీకులు నేను చెబుతానన్నాను.

నెలనెలా ఫోను వచ్చేది. "అక్కా, ఇయ్యాల ఒకటో రోజు, రాసుకో." ఫైల్లో ఎర్ర పెన్నుతో రాసి తారీకులు చెప్పేదాన్ని. ఆమె భర్త హనుమంత సిరవారలో ట్రాక్టరు నడుపుతాడు. నేను చెప్పిన రోజులకు పని మానుకుని ఇంటికొచ్చేవాడు. ఆరు నెలలు ఇద్దరూ ఒక్క తారీకు తప్పలేదు. ఆరుసార్లూ స్కానులో పగిలిపోయిన బుడగే కనిపించింది. వయసు మీదపడుతుంటే అండం తొందరగా విడుదలవుతుందిలే అనుకుంది డాక్టరమ్మ.

ఏడో నెల, అండాలు ఎన్ని మిగిలాయో తెలిపే రక్తపరీక్ష చేయించింది. దాదాపు అయిపోయాయి. మెదడు ఎంత హార్మోను పంపినా పలికే బుడగల్లేవు, ఇంక ఈ గోలీలతో లాభం లేదని ఫైలు మూసేసింది. ఆ మాటా నేనే తెలుగులో చెప్పాను.

సవిత ఏడవలేదు. నా బల్ల దగ్గర కూర్చుని ఊరి సంగతులు మొదలుపెట్టింది. ఆడబిడ్డ కూతురికి పేరు పెట్టిన రోజు పోలేకపోయిందట. ఈ నెల పన్నెండున, సరిగ్గా అదే రోజు బయట కూర్చుందట.

ఫైలు చూశాను. ఒకటో రోజు పదహారు అని ఉంది, నా రాతే. పన్నెండున బయట కూర్చుంటే పదహారు ఒకటో రోజు ఎలా అవుతుందని అడిగాను.

"ఆ నాలుగు దినాలు లెక్కల ఎవరు పెడతరక్కా? ఇంట్లకే రానియ్యరు. ఐదో దినం తలకు పోసుకున్నంకనే గదా ఒకటో రోజు."

మా ఇంట్లో బయట కూర్చోవడం మా అమ్మతోనే పోయింది, నాకు తట్టలేదు. ఆమెకు నెలసరి ఇరవయ్యారు రోజులకోసారి. ఎటునుంచి లెక్కపెట్టినా ఇరవయ్యారే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రెండో రోజు గోలీ ఆరో రోజు వేసుకుంది. పదకొండో రోజని వచ్చింది పదిహేనో రోజు. ఆరుసార్లూ అండం వచ్చి, వెళ్లిపోయాకే మేం చూశాం. రక్తం కనబడిన రోజు అని ఒక్క ముక్క చెప్పడానికి నాకు తీరిక లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

దాచలేదు, చెప్పేశాను. ఆమె అంతా విని, అయితే ఇప్పుడు సరిగ్గా లెక్కపెట్టి మళ్లీ మొదలుపెడదామంది. లోపలికెళ్లి డాక్టరమ్మను అడిగాను. ఆమె రక్తపరీక్ష రిపోర్టు మళ్లీ తీసి చూసింది. అప్పుడు సరిగ్గా వేసుకున్నా కడుపు నిలిచేదో లేదో చెప్పలేను, ఇప్పుడు మాత్రం వేసుకున్నా ఉపయోగం లేదంది. బయటికొచ్చి అదీ తెలుగులో చెప్పాను. సవిత తలూపి బస్సుకు వెళ్లిపోయింది.

మరుసటి నెల ఎనిమిదో తారీకు పొద్దున్నే ఫోను మోగింది.

"అక్కా, ఇప్పుడే అయింది. ఇంకా బయటనే కూసున్న. ఇదే గదా ఒకటో రోజు, రాసుకో."

ఆమె ఫైలు ఎప్పుడో పాత కట్టల్లోకి చేరింది. ఎక్కడ రాయను? ఎర్ర పెన్ను తీసి అరచేతిలో తారీకు వేసుకున్నాను. రాసుకున్నానన్నాను.

"ఈసారి సరిగ్గనే చెప్పిన గదక్కా?"

సరిగ్గానే చెప్పావన్నాను.