వీరాస్వామి మీసం, సముద్రపు నత్త

వీరాస్వామి మీసం సంగతి కొల్లేటి లంకల్లో తెలియనివాడు లేడు. ఈ చెవి దగ్గర మొదలుపెడితే ఆ చెవిదాకా ఉండేది. ఆయనకి అదంటే ప్రాణం. పెళ్ళాం సూరమ్మకి అదంటే మంట. "చేపల పులుసు సగం మీ మీసమే తాగేస్తందండీ" అని ముప్పై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. ఆయన వింటేనా!

ఒక వేసవిలో అల్లుడు కనకరాజు వచ్చాడు. అండమాను వెళ్ళే ఓడలో ఖలాసీ. మావగారికి కానుకగా ఒక నత్తగుల్ల తెచ్చాడు. మామూలు గుల్లా అది! గుప్పెడంత లావు, పచ్చా గోధుమా చారలు, గుండ్రటి నోరు, నోటి లోపల ముత్యపు మెరుపు. అక్కడ సముద్రంలో పగడపు దిబ్బల మీద పాకే నత్తదట.

వీరాస్వామి గుల్లని చెవి దగ్గర ఊపాడు, వాసన చూశాడు. "ఇది నిద్రలో ఉందండి అల్లుడుగారూ" అన్నాడు.

"చచ్చి ఏడాదయిందండి మావయ్యా. లోపలంతా ఖాళీ."

"లోపలికంటా ముడుచుకుని పడుకుందండి. మా కొల్లేటి నత్త ఎండాకాలమంతా ఎండిన బురదలో చచ్చినట్టు పడుంటాది. నీళ్ళు తగిలాయా, లేచి పాకుద్ది. నత్తల సంగతి నాకు చెబుతారేటండీ?"

వాదన పెరిగింది, అరుగు మీద జనం చేరారు. జనం చేరితే వీరాస్వామి నోటికి తాళం ఉండదు. "ఆదివారంనాటికి ఇది బయటికి రాకపోతే నా మీసం తీయించేస్తాను!" అనేశాడు. సూరమ్మ మొహం చాటంతయింది.

కుండలో నీళ్ళు పోసి గుల్లని వేశాడు. సముద్రపుది కదా అని రెండు గుప్పిళ్ళు ఉప్పు కూడా పోశాడు. మూడు రోజులు గడిచాయి. నత్తా లేదు, గిత్తా లేదు. శనివారానికి ఆయనకి అన్నం సహించలేదు. మీసం లేని మొహంతో రేవుకి ఎలా వెళ్ళడం? నిజంగానే ఏడుపొచ్చింది పాపం.

ఆదివారం తెల్లారగానే ఎవరూ చూడకుండా, చేపల బుట్టలోంచి చిన్న ఎండ్రకాయని తీసి గుల్లలోకి తోసేశాడు. పెద్దమనిషి చెయ్యాల్సిన పనేనా ఇది!

ఎండెక్కేసరికి ఊరంతా వచ్చింది. వీరాస్వామి గుల్లని పైకెత్తాడు. గుల్ల నోట్లో రెండు కాళ్ళు కదిలాయి.

"అదిగో! లేచింది!"

"నత్తకి కాళ్ళేంటండి మావయ్యా?" అన్నాడు కనకరాజు.

"సముద్రపు నత్తలకి ఉంటాయండి" అంటూ గుల్లని బుగ్గ పక్కన పెట్టుకుని, దర్జాగా మీసం మెలేశాడు.

ఎండ్రకాయకి ఏం తోచిందో, ఆ మీసాన్ని పట్టుకుంది. పట్టంటే మామూలు పట్టా! "ఓరి నాయనో!" అని ఆయన గంతులేస్తుంటే గుల్ల గడ్డం పక్కన ఊగింది. లాగబోయిన వాళ్ళందరినీ తిట్టాడు. చివరికి సూరమ్మ వలలు కోసే చాకు తెచ్చి, కుడివైపు మీసం మొదలంటా కోసేసింది. ఒక వైపు మీసంతో తిరగలేడు కదా, ఎడమవైపుది కూడా ఆవిడే తీసేసింది, ఎవరూ అడక్కుండానే.

"పందెం మీరే గెలిచారండి మావయ్యా" అన్నాడు కనకరాజు, నవ్వాపుకోలేక.

సూరమ్మ ఆ ఎండ్రకాయని పులుసులో వెయ్యనియ్యలేదు. జాగ్రత్తగా పట్టుకెళ్ళి, కొల్లేట్లో వదిలి, దణ్ణం పెట్టి వచ్చింది.

మధ్యాహ్నం వీరాస్వామి అన్నానికి కూర్చున్నాడు. చేపల పులుసుతో నాలుగు ముద్దలు తిన్నాడు. ఆగాడు. పై పెదవి తడిమి చూసుకున్నాడు.

"ఒసే సూరమ్మా, ఈవేళ పులుసు ఎక్కువ పోశావా?"

"రోజూ పోసేదేనండి."

ఆయన పై పెదవి మళ్ళీ తడుముకున్నాడు. "అయితే ముప్పై ఏళ్ళుగా..." అని ఆగిపోయి, కంచం ముందుకి తోశాడు.

"ఇంకొంచెం పొయ్యవే."